ఎనిమిది నిమిషాలు పెద్ద

ఆ అక్కచెల్లెళ్ళిద్దరూ కవలలు. అక్క ఎనిమిది నిమిషాలు పెద్ద. ఆ పెద్దరికాన్ని అక్క ఎన్నడూ చలాయించింది లేదు, చెల్లెలు ఎన్నడూ ఒప్పుకున్నదీ లేదు. ముక్కూ మొహం, నడకా నవ్వూ అచ్చుగుద్దినట్టు ఒకటే. చిన్నప్పుడు ఒకరు చేసిన అల్లరికి ఇంకొకరు దెబ్బలు తిన్న రోజులకు లెక్కేలేదు.

యాభయ్యో ఏట కూడా ఆ పోలిక చెక్కుచెదరలేదు. బస్టాపుకి ఎదురు వరసలో, వీధి మలుపు దాటాక బ్యాంకు పక్కన, ఇద్దరూ కలిసి కళ్ళజోళ్ళ షాపు నడుపుతున్నారు. లోపలి చీకటి గదిలో కళ్ళు పరీక్ష చేసేది అక్క. బయట ఫ్రేములు చూపించి, ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టి, చెవుల వెనక వంపు సరిచేసేది చెల్లెలు. లోపల వదిలి వచ్చిన మనిషే బయట కౌంటరు దగ్గర నిలబడి ఉండేసరికి కొత్తగా వచ్చినవాళ్ళు గిరుక్కున వెనక్కి తిరిగి తలుపు వంక చూసేవాళ్ళు. "కంగారుపడకండి, మీ కళ్ళ తప్పేం లేదు. మేమే ఇద్దరం" అనేది చెల్లెలు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట అంటూనే ఉంది, జనం నవ్వుతూనే ఉన్నారు.

జుట్టు కూడా ఇద్దరికీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి నెరిసింది, ముప్పై ఎనిమిదో ఏట. అప్పట్నుంచీ రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున్నే చెల్లెలి ఇంటి వెనక వరండాలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఒకరికొకరు రంగు పూసుకునేవాళ్ళు. భుజాల మీద పాత తువ్వాలు, చేతిలో అరిగిపోయిన బ్రష్షు, నోట్లో ఊళ్ళో వాళ్ళ కబుర్లు. చెవి తమ్మెల మీద మరకలు రుద్దుకుంటూ నవ్వుకోవడం.

ఒక ఆదివారం చెల్లెలు గిన్నెలో రంగు కలిపి పిలిస్తే అక్క స్టూలు మీద కూర్చోలేదు. చేతులకు గ్లోవ్స్ తొడుక్కుంటూ, "రా, నీకు వేస్తాను. నాకింక వద్దు" అంది.

"ఏం, తలనొప్పా?"

"కాదు, మానేస్తున్నా."

"మానేసి?"

"మానేసి ఏముంది? తెల్లబడుతుంది."

"ఉన్నట్టుండి ఇదేం బుద్ధే నీకు?"

"పన్నెండేళ్ళు వేసుకున్నాం కదే. నాకింక చాలనిపించింది." అంతే. దానికి ముందూ వెనకా ఇంకో మాట లేదు.

చెల్లెలు వేళాకోళమనుకుంది. నెల తిరిగేసరికి అక్క పాపిట్లో సుద్దగీత గీసినట్టు తెల్లటి చార తేలింది. మూడో నెలకి సగం తెలుపూ సగం నలుపూ, ఉడుత వీపులా తయారైంది తల. చూసేవాళ్ళకే ఇబ్బంది. అక్క మాత్రం దాన్ని దాచుకోవడానికి తల మీద కొంగు లాక్కోలేదు, పాపిడి పక్కకి మార్చుకోలేదు.

ఇంట్లో మొదట నోరు విప్పింది అక్క అత్తగారు. ఆవిడకి డెబ్భై ఆరు. ఇప్పటికీ నెలనెలా తలకి నల్లగా రంగేసుకుని, పౌడరద్దుకుని గానీ వీధి గుమ్మంలోకి రాదు. "అమ్మాయ్, నిన్న కూరగాయలవాడు నిన్ను చూపించి 'మీ అక్కగారా అమ్మా?' అన్నాడు నాతో" అంది. కోపంగా అనబోయింది గానీ, ఎంత ఆపుకున్నా మొహం వెలిగిపోతూనే ఉంది. అక్క మొగుడు రైల్వేలో గార్డు. వారానికి రెండు రోజులు ఇంటిపట్టున ఉంటాడు. భార్య తల చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి చూసి, "నా వైపు నుంచి పచ్చజెండానే" అని అన్నానికి కూర్చున్నాడు.

వాళ్ళకేం, బాగానే ఉంది. వచ్చిన చిక్కంతా చెల్లెలికే.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన ఏటా వచ్చి కళ్ళు పరీక్ష చేయించుకుంటాడు. ఆ ఏడు చీకటి గదిలోంచి బయటికొచ్చి, కౌంటరు దగ్గర చెల్లెల్ని ఎగాదిగా చూశాడు. ఆమె నల్లటి జుట్టు చూశాడు. వెనక్కి తిరిగి అక్క తల చూశాడు. "ఓహో!" అన్నాడు, చిక్కుముడి లెక్క తేలినట్టు.

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు చెల్లెలి చెయ్యి చటుక్కున తల మీదికి పోయింది. ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం షాపులో జనం పలచబడగానే అక్క మీద విరుచుకుపడింది.

"నీ తల నువ్వేమైనా చేసుకో. కానీ అది నీ ఒక్కదాని తలా? నిన్ను చూసిన ప్రతివాడూ నన్ను చూసి లోపల్లోపల నవ్వుకుంటున్నాడు. నా గుట్టు తీసుకెళ్ళి నడిబజార్లో పెట్టావు. నన్నొక్క మాట అడిగావా?"

అక్క పరీక్ష అద్దాలు తుడుస్తున్నదల్లా ఆగింది. "నిజమేనే. నాకది తట్టలేదు" అంది. "తప్పే. ఏం చెయ్యమంటావు?"

"మళ్ళీ వేసుకో."

"అదొక్కటీ అడక్కు" అంది అక్క. గొంతు పెంచలేదు. అలా నెమ్మదిగా అన్నప్పుడు ఆ మాటకి తిరుగుండదని చెల్లెలికి పుట్టినప్పట్నుంచీ తెలుసు.

మూడు రోజులు మాటల్లేవు. కళ్ళ నంబర్లు రాసిన చీటీలు మాత్రం లోపల్నించి బయటికి వస్తుండేవి.

ఆ కోపంలోనే చెల్లెలు ఓ పిచ్చిపని చేసింది. పక్క బ్యాంకుకి కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఓ మధ్యాహ్నం వాళ్ళమ్మకి కళ్ళజోడు చేయించడానికి వచ్చింది. "లోపలున్నావిడ మీ అక్కగారా? మీకూ ఆవిడకీ చాలా తేడా ఉన్నట్టుందే?" అంది. చెల్లెలు ఫ్రేముకి మర బిగిస్తూ, తలెత్తకుండా, "ఆఁ, ఓ పదేళ్ళు" అనేసింది. అన్న మరుక్షణం, అక్క విందేమోనని లోపలి తలుపు వంక చూసింది. కానీ ఆవిడ కళ్ళు విప్పార్చుకుని, "అలాగా!" అన్న తీరుకి ఆ పూటంతా కడుపు నిండినట్టు ఉంది.

ఆ వారమే ఇద్దరూ బస్సులో ఇంటికెళ్తుంటే కాలేజీ పిల్ల ఒకతి లేచి నిలబడి, "పెద్దమ్మా, కూర్చోండి" అంది. అక్క ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూసింది. తననేనని తెలిశాక పకపకా నవ్వింది. "నూరేళ్ళు బతుకు తల్లీ! పొద్దుట్నించీ నిలబడే ఉన్నాను" అని హాయిగా చేరగిలబడి కూర్చుంది. చెల్లెలి కాళ్ళూ పొద్దుట్నించీ నిలబడినవే. పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడుతూ, బ్రేకు పడినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతూ, అక్క సంతోషాన్ని చూసి ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడింది.

అలా ఇంకో ఏడాది గడిచింది. అక్క నల్లగా మిగిలిన కొసల్ని మెడ దాకా కత్తిరించేసింది. ఉడుత పోయింది. నుదుటి దగ్గర వెండిలా, వెనక బూడిద రంగులో, జుట్టు ఒత్తుగా నిలబడింది. అప్పుడు గానీ తెలియలేదు చెల్లెలికి, అక్క కళ్ళు అంత నల్లనివని. అంటే తనవీ అంతేనన్నమాట.

ఒక ఉదయం వీధి చివరి టైలరమ్మ వచ్చింది. నలభై ఏడో నలభై ఎనిమిదో ఉంటాయి. రవికలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆవిణ్ణి మించినవాళ్ళు లేరు. వస్తూనే, "కళ్ళకేం కాలేదు నాకు. భూతద్దం ఏదైనా ఉంటే ఇవ్వండి" అంది.

"భూతద్దం ఎందుకండీ? దగ్గరి చూపు తగ్గి ఉంటుంది. వయసొస్తే అందరికీ చత్వారం వస్తుంది" అంది చెల్లెలు, రోజూ అనేదే.

టైలరమ్మ మొహం మాడిపోయింది. "వయసూ లేదు, గియసూ లేదు. ఈమధ్య వచ్చే సూదులే బాగుండట్లేదు. వెళ్తానండీ" అని గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

లోపల్నించి అక్క బయటికొచ్చింది. "సూదుల సంగతేనా? అవునండీ, బెజ్జాలు మరీ చిన్నవి చేస్తున్నారు. మందుసీసాల మీద అక్షరాలూ అంతే, చీమ తలకాయలంత అచ్చేస్తున్నారు. రండి, ఓసారి కూర్చుని చూద్దాం."

టైలరమ్మ ఆగింది. ఆ తెల్లటి తల వంక చూసింది. ఏమనిపించిందో ఏమో, వెనక్కి వచ్చి అక్కతో లోపలికెళ్ళింది.

తలుపు సగమే మూశారు. చెల్లెలికి అంతా వినబడుతోంది. అద్దాలు ఒకటి తీసి ఇంకొకటి వేస్తున్న చప్పుడు. "పైటకి గుచ్చుకున్నారే, ఆ సూది తీయండి. ఇదిగో దారం" అంది అక్క. తర్వాత టైలరమ్మ గొంతు, సన్నగా: "ఒక్కసారికే ఎక్కేసిందండీ." ఆ వెంటనే ముక్కు చీదిన చప్పుడు.

"ఏడవకండి. అద్దం మసకేస్తుంది" అంది అక్క. ఇద్దరూ నవ్వారు.

"మీరు రంగు మానేసినప్పుడు భయం వెయ్యలేదా అండీ?" అని అడిగింది టైలరమ్మ కాసేపటికి.

"ఎందుకెయ్యదు? మొదటి నెల అద్దం చూడలేక పెరట్లో నిలబడి పళ్ళు తోముకునేదాన్ని. షాపుకి రాకముందు వీధి మలుపులో ఓ ఐదు నిమిషాలు ఆగి, గుండె దిటవు చేసుకుని వచ్చేదాన్ని. ఓ రోజు సగం దారిలో వెనక్కి వెళ్ళిపోయాను కూడా. తర్వాత్తర్వాత అలవాటైంది. అలవాటయ్యాక, ఏమిటో, నా మొహం నాకు నచ్చింది."

చెల్లెలి చేతిలో ఫ్రేము అలాగే ఉండిపోయింది. అక్కకి పట్టింపు లేదనుకుంది ఇన్నాళ్ళూ. దున్నపోతు మీద వాన కురిసినట్టు ఎవరేమన్నా ఆమెకి అంటదనుకుంది. వీధి మలుపులో ఐదు నిమిషాలు! ఆ మలుపులో అక్క ఒంటరిగా నిలబడి ఉండగా, ఇక్కడ తను షట్టరు తీసి, అక్క రాగానే ఏ మాట అని పొడవాలా అని ఎదురుచూసిన పొద్దులన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఇంకోటి వచ్చింది. భయం లేకుండా చేసే పనిలో గొప్పేముంది? ఇంత భయపడి కూడా ఒక్కరోజు ఎవరికీ చెప్పుకోకుండా, ఎవర్నీ విసుక్కోకుండా, నవ్వుతూ నడిచొచ్చింది తన అక్క!

మరో వారానికి బ్యాంకు మేనేజరమ్మ, వాళ్ళమ్మకి ఈసారి చేయించిన కొత్త కళ్ళజోడు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఆ సమయానికి అక్కచెల్లెళ్ళిద్దరూ కౌంటరు దగ్గరే ఉన్నారు. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పదేళ్ళు చిన్నదైనా మీ చెల్లెలు అచ్చం మీ పోలికేనండీ!" అంది అక్కతో.

చెల్లెలి చెవులు వేడెక్కాయి. అక్క ఆమె వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత మేనేజరమ్మ వైపు తిరిగి, "మా ఇంట్లో అది ఎప్పుడూ చిన్నదేనండీ" అంది. అబద్ధం ఆడలేదు, చెల్లెల్ని పట్టివ్వనూ లేదు. కళ్ళజోడు పెట్టెలో పెట్టి, మెత్తటి గుడ్డ మడిచి పైన ఉంచింది.

మాట అక్కడితో ఆగిపోయేదే. ఎవరికీ ఏమీ తెలిసేదీ కాదు.

"ఎనిమిది నిమిషాలండీ" అంది చెల్లెలు.

"ఏమిటండీ?"

"మా ఇద్దరికీ తేడా. మేం కవలలం. అప్పుడు నేను మీకు అబద్ధం చెప్పాను. అక్కది జుట్టు, నాది రంగు."

మేనేజరమ్మ నోరు తెరిచింది. చెల్లెలు తల దించుకోలేదు. ఎంత మాట వచ్చినా పడటానికి సిద్ధంగా నిలబడింది. మేనేజరమ్మ తలుపు వైపోసారి చూసి, కౌంటరు మీదికి వంగి, రహస్యంగా అడిగింది: "అయితే ఏ రంగు వాడతారండీ? నాది చెవుల దగ్గర పది రోజులు కూడా నిలవట్లేదు."

అక్క నవ్వు ఆపుకోలేక చీకటి గదిలోకి పారిపోయింది.

ఆ సాయంత్రం షట్టరు దించి తాళం వేస్తుంటే చెల్లెలు అంది, "పదేళ్ళని చెప్పింది నేనేనని, నేను ఒప్పుకోకముందే నీకు తెలుసా?"

"తెలుసులే."

"ఎవరు చెప్పారు?"

"తొమ్మిది నెలలు ఒకే కడుపులో ఉన్నాం. ఆ మాత్రం తెలీదా?"

"మరి ఆ మలుపులో నిలబడే సంగతి నాకెందుకు చెప్పలేదు?"

అక్క తాళంచెవి సంచిలో వేసుకుంది. "చెబితే నువ్వు ఆ పూటే రంగు గిన్నె పట్టుకుని వచ్చేసేదానివి. నేనూ బుద్ధిగా కూర్చునేదాన్ని. అందుకే చెప్పలేదు."

ఆ ఆదివారం చెల్లెలు రంగు కలిపింది. అక్క ఎప్పట్లాగే వచ్చి, గ్లోవ్స్ తొడుక్కుని, పాయపాయా విడదీసి ఓపిగ్గా పూసింది. నువ్వూ మానెయ్యమని అనలేదు. మాటవరసకైనా ఆ ఊసు ఎత్తలేదు. చెవుల దగ్గర మాత్రం మేనేజరమ్మని తలుచుకుని రెండోసారి పూసింది.

ఇప్పుడెవరైనా అడిగితే చెల్లెలు, "రంగేనండీ, మా అక్క వేస్తుంది" అంటుంది. అడక్కపోయినా ఒక్కోసారి చెబుతుంది. కళ్ళజోడుకి జంకే నడివయసు వాళ్ళు వస్తే, తను నచ్చజెప్పబోదు. "లోపల మా అక్క ఉంది, వెళ్ళండి" అని తలుపు తీస్తుంది.

"నువ్వూ మానేస్తావా ఏమిటి?" అని ఓ రోజు చెల్లెల్ని ఆమె మొగుడు అడిగాడు. ఆయన తల మీద నెరవడానికి వెంట్రుకంటూ మిగల్లేదు కాబట్టి ఈ గొడవలో ఆయనకి పక్షం లేదు.

"ఏమోనండీ. నాకింకా నలుపు మీద మోజు తీరలేదు" అంది చెల్లెలు. "తీరిన్నాడు మానేస్తా. అక్కలా ఉండగలనో లేదో తెలీదు."

మర్నాడు పొద్దున షాపు ముందు నిలబడి చూస్తుంటే, బస్సు దిగి రోడ్డు దాటుతోంది అక్క. గాలి జోరుగా ఉంది. తెల్లటి జుట్టంతా మొహం మీదికి, మళ్ళీ వెనక్కి, ఇష్టమొచ్చినట్టు ఎగురుతోంది. ఓ చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో గొడుగు. మలుపు దగ్గర ఆగలేదు. చెల్లెలు షట్టరు పైకి తోసి, ఎదురెళ్ళి డబ్బా అందుకుంది.