నిధి పిల్లలు

అమీర్‌పేట సందులోని ఆ ప్రైవేటు బడిలో ఉదయం సరస్వతీ ప్రార్థన జరుగుతున్నది. ఫీజు కట్టిన పిల్లలు లోపల. పేదపిల్లలకై సర్కారు ఇచ్చే ప్రత్యేక నిధితో చదివేవారు తాళం వేసిన గేటు బయట. ఎండలో నిలిచి, వారును చేతులు జోడించియే ఉన్నారు. వాగ్దేవిని వాకిట నిలబెట్టి లోపల చేసే పూజ ఏ శాస్త్రంలో ఉన్నది?

బడిలో వారికి పేర్లు లేవు. ‘నిధి పిల్లలు’ అన్నదే పిలుపు. ఈ ఏడు నిధి రాలేదని కరస్పాండెంట్ హనుమత్ప్రసాద్ తాళం వేయించాడు. పదో తరగతి పరీక్షలు ముంగిట ఉన్నవి. గేటు బయటి వారిలో ఒకతె వెన్నెల; హాల్ టికెట్ ఇవ్వకుంటే ఆమె చదువు ఇంతటితో సరి.

వెన్నెల తల్లి స్వరాజ్యం కోచింగ్ విద్యార్థుల హాస్టల్లో వంటమనిషి. మధ్యాహ్నం హాస్టల్ డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడన, నిధి పిల్లల తల్లిదండ్రులు కూడారు.

"నిధి ఇచ్చే లక్డీకాపూల్ ఆఫీసుకు ఇంకోసారి పోదాం. జర మంచిగ అడుగుదాం," అన్నాడు పంజాగుట్టలో బట్టలు కుట్టే మొగిలయ్య.

"నువ్వు మంచిగనే అడిగినవ్ అన్నా. వాళ్లు సుత మంచిగనే ఎల్లగొట్టిండ్రు," అన్నది మరో వంటమనిషి రుద్రమ్మ. "ఇగ పొయ్యిలు బందు పెట్టి గేటు ముంగట కూసుందాం."

"పని పోతది," అన్నాడు మొగిలయ్య.

"పోతది," ఒప్పుకున్నది స్వరాజ్యం. "మరి నా బిడ్డ సుత వచ్చి నాతోని అంట్లు తోమాల్నా?"

మొగిలయ్య లేచి తన కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయాడు.

మరునాడు ఆ వీథి హాస్టళ్లలో పొయ్యి వెలగలేదు. ఖాళీ పళ్లేలతో విద్యార్థులు కిందికి దిగారు.

"అక్కా, మా ఫీజుల టిఫిన్ సుత ఉన్నది గదా," అన్నాడు వారిలో ఒకడైన రిషి కోపంగా.

"మా పిల్లల నిధిల చదువు సుత ఉండె బిడ్డా. గేటు బయట నిలబెట్టిండ్రు," అన్నది స్వరాజ్యం. "ఒక్క పూటకే నీకు గింత కోపమొస్తే, వాళ్లకెంత రావాలె?"

రిషి పళ్లెం కింద పెట్టాడు. "బడి ఏడున్నది?"

వంటవారు ముందు, విద్యార్థులు వెనుక, గేటు ఎదుట బైఠాయించారు.

"ఏంటమ్మా ఈ గొడవ? వెళ్లి సర్కారునడగండి," అన్నాడు హనుమత్ప్రసాద్ మేడ మీది నుంచి.

మధ్యాహ్నానికి సర్కారు రానే వచ్చింది, పోలీసు వ్యానులో. స్వరాజ్యాన్నీ రుద్రమ్మనూ జుట్టు పట్టి లోపలికి నెట్టారు. వెన్నెల వ్యాను వెంట పరుగెత్తింది.

"నా ఫికర్ జెయ్యకు. గేటు ఇడువకు బిడ్డా," అన్నది తల్లి వ్యాను కిటికీ జాలీలోంచి.

వెన్నెల తిరిగివచ్చి గేటు ఎదుట కూర్చున్నది. మిషను మీద బట్ట అట్లే వదిలి వచ్చిన మొగిలయ్య ఆమె పక్కన చేరాడు. ఆనాడు తాళం తెరువలేదు.

తెల్లవారి పంజాగుట్ట హాస్టళ్లలోనూ పొయ్యి వెలగలేదు.