పిల్లి క్షేమం

యుద్ధం వచ్చి నూలు కరువైనప్పుడు దశరథం సోలాపురం మిల్లుకు పోయాడు. అక్కడి నుంచి నెలకో కార్డు రాసేవాడు. గద్వాలలో మా నేతవాళ్ల వీధిలో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కార్డు వచ్చినప్పుడల్లా నన్ను మగ్గం మీది నుంచి లేపుకుపోయేవారు. కార్డు తండ్రి మద్దిలేటి పేరున ఉండేది. మిల్లు సంగతి రెండు ముక్కలు, తండ్రి ఆరోగ్యం ఒక ముక్క, మిగతాదంతా పిల్లి. పిల్లి వేళకు తింటోందా, చిక్కిపోయిందా, ఎక్కడ పడుకుంటోంది, పొద్దుగూకితే గుమ్మంలో కూర్చుంటోందా?

నలుగురి ముందు చదివే కార్డులో పెళ్లాం క్షేమం అడగడం మా వాళ్లలో సిగ్గుచేటు. అతని పెళ్లాం రుక్కమ్మ తలుపు చాటున నిలబడి ఆ పిల్లి ముక్కలు వినేది. "అన్నా, పిల్లిది మళ్లొకసారి చదువు, సరిగ్గ ఇనవడలే" అనేది. వినబడకేం, వీధి చివరికి వినబడేటట్టే చదువుతాను నేను. అయినా మళ్లీ చదివేవాణ్ణి, ఈసారి నిదానంగా.

అతను పోయిన రెండో వేసవిలో పిల్లికి కడుపు బిగిసింది. ఐదు రోజులు పెరట్లోని బూడిదకుప్పలో గుంత తవ్వడం, ముక్కడం, ఏమీ కాక తిరిగి రావడం. ఆరో రోజు పాలు కూడా ముట్టలేదు. మద్దిలేటి ఆముదం గిన్నె పట్టుకొచ్చాడు. మా వైపు ఆముదానికి కొదవా? రుక్కమ్మ పిల్లికి అడ్డం కూర్చుంది.

"జర ఆగు మామా. మనుషులకే పేగులు మెలివెడ్తది. ఇది సచ్చిపోతే..." అని ఆగిపోయింది.

చచ్చిపోతే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చే కార్డులో ఆమెకంటూ ఒక్క ముక్క ఉండదు.

మేకలకు మందులిచ్చే యోసేపును పిలుచుకొచ్చాను. పిల్లి కోసమా అని నవ్వాడు కానీ వచ్చాడు. పొట్ట మెల్లగా ఒత్తి, "రాళ్లలెక్క ఉన్నది" అన్నాడు. బూడిదలో ఎండిపోయిన పాత పెంటిక ఒకటి ఏరి పుల్లతో విప్పాడు. నిండా వెంట్రుకలే.

"నాక్కుంట నాక్కుంట బొచ్చంత మింగుతున్నది. దీన్ని దువ్వెటోళ్లు లేరా?"

ఉండేవాడు. మగ్గం దిగగానే దశరథం, పడుగుకు గంజి పట్టే కుంచెల్లో బాగా అరిగిపోయినదొకటి తీసుకుని పిల్లిని దువ్వేవాడు. రుక్కమ్మ వచ్చి పక్కన కూర్చునేది. దినమంతటిలో వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఆ కాసేపే. మా అరుగు మీదికి కనబడేది. అతను పోయాక ఆ కుంచెను ఆమె ముట్టలేదు. ముడితే ఏడుపొస్తుందని భయం.

యోసేపు చెప్పినట్టు గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా తాగించింది. పిల్లి పాదాలకు నెయ్యి రాస్తే అది తనంతట తానే నాకింది. పొట్ట మీద చెయ్యి వేసి మెల్లగా రుద్దింది. చివరికి కుంచె తీసి దువ్వింది. దువ్వుతూ ఏడ్చింది, మామ ఎదురుగా ఉన్నాడని కూడా చూసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పిల్లి బూడిదలో చాలాసేపు కూర్చుని లేచింది. రుక్కమ్మ పోయి చూసి, కొడుకు పుట్టినంత సంబరంగా వీధికంతా చెప్పింది. వీధి నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం మద్దిలేటి జవాబు రాయించాడు. "పిల్లికి పానం బాగలేకుండె, ఇప్పుడు మంచిగున్నది. ఫికర్ చెయ్యకు. గంతే, రాయి."

రాశాను. కార్డులో ఇంకా రెండు వరుసల చోటు ఉంది.

తలుపు చాటు నుంచి రుక్కమ్మ బయటికి వచ్చింది. "అన్నా, రమ్మని రాయి."

"పిల్లి మంచిగనే ఉన్నది గద బిడ్డా" అన్నాడు మద్దిలేటి.

"పిల్లి మంచిగనే ఉన్నది మామా. నేనే మంచిగ లేను."

ముసలాయన తల వంచుకున్నాడు. నేను కలం పట్టుకుని ఆయన వైపే చూస్తున్నాను.

"ఆ మాటే రాయి వెంకటన్నా" అన్నాడు.