కళ్ళముందే మారిన మూట

ఆవిడకి లోకంలో ఎవరి మీదా గౌరవం లేదు. పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పొద్దస్తమానం ఇతరుల తప్పులే వెతికే కళ్ళు ఇంటికొస్తే మాత్రం ఊరుకుంటాయా? ఒకే ఇంట్లో ఉండే తోడికోడలు మోకాళ్ళ నొప్పులకని అయస్కాంతం చెప్పులు కొన్నప్పుడు, భోజనాల దగ్గర అందరి ముందూ కడిగిపారేసింది.

"నువ్వు పుట్టిందే మోసపోవడానికి తల్లీ! నీలాంటి వాళ్ళుండబట్టే దొంగలు మూడుపూటలా తింటున్నారు."

తోడికోడలు చెప్పులు అటక మీద పడేసి వచ్చింది.

ఓ ఆదివారం నలగని చొక్కాతో, మెడలో కార్డుతో ఒకాయన తలుపు తట్టాడు. వినియోగదారుల సంఘం మనిషినన్నాడు. నగల దొంగలు తిరుగుతున్నారని ఇంటింటికీ హెచ్చరిస్తున్నాడట. ఆవిడ కరపత్రం లాక్కుని, కళ్ళజోడు సవరించుకుని, గుమ్మంలోనే అచ్చుతప్పులు ఏరి చూపించింది.

ఆయన నోరెళ్ళబెట్టాడు. "ఇన్ని వీధులు తిరిగాను, ఒక్కరి కంటా పడలేదమ్మా! వీధికి మీలాంటి వారొకరుంటే మా సంఘం మూసేసుకోవచ్చు."

అంతే. ఆయనకి కుర్చీ, కాఫీ రెండూ దొరికాయి. ఆవిడే స్వయంగా మేడమెట్లెక్కి దిగి, వాటాలవాళ్ళందర్నీ పిలుచుకొచ్చింది. "రండి, కాస్త బుద్ధి తెచ్చుకుందురుగాని!"

దొంగలు కళ్ళముందే మూట ఎలా మారుస్తారో చేసి చూపిస్తానని ఆయన అనగానే, ఆడవాళ్ళు బంగారు గాజులు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన వాటిని గుడ్డలో మూటకట్టి, చేతులు అటూ ఇటూ ఆడించి, "ఇప్పుడిది అసలు మూటేనా?" అనడిగాడు. ఆవిడ ఠక్కున, "కాదు, అసలుది మీ సంచిలో ఉంది" అంది. నిజంగానే ఉంది! అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరి గాజులు వాళ్ళకి ఇచ్చేశాడు.

"ఇంతమందిలో పట్టింది మీరొక్కరే. ఇంకోసారి చేస్తాను, మిగతావాళ్ళూ నేర్చుకోవాలిగా."

మళ్ళీ గాజులు బల్లమీదికొచ్చాయి. ఆవిడ తోడికోడలి వైపు తిరిగింది. "నువ్వూ తియ్యి, నేర్చుకోవాల్సింది ముఖ్యంగా నువ్వే!"

"వద్దక్కా, నా చేతికే ఉండనీ."

"ఖర్మ! నమ్మకూడనివాణ్ణి నమ్ముతావు, నమ్మాల్సిన మనిషిని నమ్మవు."

ఈసారి మూట మారలేదని ఆవిడ గట్టిగా చెప్పింది. ఆయన భలే భలే అని మెచ్చుకున్నాడు. సంఘం ఫొటోగ్రాఫరు కిందే ఉన్నాడని, ముడి విప్పకుండా ఉంచితే ఆవిడ చేత విప్పిస్తూ ఫొటో తీయిస్తానని చెప్పి, పిలవడానికి వెళ్ళాడు. ఆవిడ ఈలోగా చీర మార్చుకుని, తల దువ్వుకుని కూర్చుంది.

ఎంతకీ ఎవరూ రాలేదు. చివరికి తోడికోడలే మూట విప్పింది. లోపల ఇత్తడి రింగులు.

అంతసేపూ చప్పట్లు కొట్టిన ఆడవాళ్ళు ఒక్కసారిగా ఆవిడ మీద పడ్డారు. వాళ్ళ తిట్లు ఆవిడని పెద్దగా బాధించలేదు. మెచ్చుకుంటే మెత్తబడిపోయిన తన మొహం తలచుకుంటేనే ఒళ్ళు కంపరమెత్తింది. వెధవ కరపత్రంలో ఆ తప్పులు ఎరగా వేసినవని ఇప్పుడు తడుతోంది!

"నీకు అనుమానం ఎలా వచ్చిందే?" అని తోడికోడల్ని అడిగింది.

"అనుమానమా? నాకూ నిజమనే అనిపించిందక్కా. నాకు నిజమనిపించినవన్నీ ఏమయ్యాయో తెలుసుగా! అందుకే వస్తువు చేయి దాటనివ్వను. పైగా వాడు మిమ్మల్ని మరీ పొగుడుతుంటే, ఈయనకి మీతో ఏం పని పడిందో అనుకున్నాను."

ఆవిడ తోడికోడల్ని వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళింది. ఫిర్యాదు రాసుకుంటున్న కుర్ర అధికారి నవ్వాపుకోలేకపోయాడు.

"చేసి చూపించాక కూడా మళ్ళీ ఇచ్చారా? నా ముందైతే వాడి పప్పులుడికేవి కావు!"

ఆవిడ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. నిన్నటిదాకా అద్దంలో రోజూ చూసిన ధీమాయే అది.

"మీ ఆవిడ గాజులు జాగ్రత్త నాయనా," అంది. "వాడు వెతికేది మీలాంటివాళ్ళనే."