కాయిల్ పోయిందన్నాను

పాత కారు మొండికేస్తే అందరూ ముందు ఇంజన్ని తిడతారు. నాకది నచ్చదు. ఇంజన్‌కి అబద్ధమాడటం రాదు. పెట్రోలు అందాలి, నిప్పు అందాలి. రెండూ అందితే తిరుగుతుంది. తిరగలేదంటే మధ్యలో ఎక్కడో ఏదో ఆగింది. అది వెతికి పట్టుకోవడమే మెకానిక్ పని. తాండూరులో పదిహేనేళ్ళుగా నేను చేస్తున్నది అదే.

డెబ్భై నాలుగు ఎండాకాలం. పెద్దేముల్‌లో ఒక బావి దగ్గర ఆయిల్ ఇంజన్ విప్పుకుని కూర్చున్నాను. గొర్రెలు కాసే హన్మయ్య రొప్పుతూ వచ్చాడు.

"ఫరీద్ భాయ్, జర జల్ది రా! బుగ్గమ్మకు నిన్నటి సంది నొప్పులు. పిల్ల అడ్డం తిరిగిందంట. తాండూరు దవాఖానకు తోల్కపొమ్మని మంత్రసాని అంటున్నది. పటేల్ కారిస్తనన్నడు గాని గది షురూ అయితలేదంట."

బుగ్గమ్మ అతని భార్య. తొలి కాన్పు. బస్సు పొద్దున్నే వెళ్ళిపోయింది. తాండూరుకు ఎడ్లబండి మీద మూడు గంటలు, కారైతే అరగంట. పనిముట్ల సంచి చేతబట్టుకుని అతని వెనకే పరుగెత్తాను.

నర్సప్ప పటేల్ ఇంటి ముందు పాత ల్యాండ్‌మాస్టర్ కారు నిలబడి ఉంది. నన్ను చూడగానే పటేల్ ముఖం మాడిపోయింది. నేను ఊళ్ళో ఉన్నానని ఆయనకు తెలియదు.

"పొద్దటి సంది తిప్పుతున్న, అయితలేదు," అన్నాడు.

హారన్ కొట్టాను. గట్టిగానే మోగింది, అంటే బ్యాటరీ బాగుంది. కార్బురేటర్ పైపు విప్పితే పెట్రోలు చేతిమీద పడింది. హన్మయ్యకు హ్యాండిల్ ఇచ్చి ముందు నుంచి ఇంజన్ తిప్పమన్నాను. కాయిల్ నుంచి వచ్చే వైరు పీకి ఇనుముకు దగ్గరగా పట్టుకుంటే టప్పుమని నీలంగా మెరిసింది.

"నిప్పొచ్చింది భాయ్!" అని హన్మయ్య నవ్వాడు. ఆ నవ్వు నాకింకా కనిపిస్తూనే ఉంటుంది.

ప్లగ్గు దగ్గర చూశాను. అక్కడ నిప్పు లేదు. కాయిల్‌లో పుట్టింది ప్లగ్గుదాకా రావడం లేదంటే మధ్యలో ఉన్నది ఆ నిప్పును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటరే. మూత తీశాను. లోపల తిరగాల్సిన రోటర్ లేదు. బొటనవేలంత ముక్క అది. పగలొచ్చు, అరగొచ్చు, మూత కింద నుంచి మాత్రం తనంతట తాను మాయం కాదు.

దాన్ని తీసి జేబులో వేసుకోవడం పటేల్‌కు నేర్పింది నేనే. వికారాబాద్ స్టేషన్ ముందు ఎవరిదో జీపు పోయిందని ఆయన భయపడితే, "గిది తీసి ఎంట పెట్టుకోండ్రి పటేలా, దొంగ గాదు, వాని తాత దిగొచ్చినా బండి కదలది" అని గొప్పలు పోయాను. నా తెలివిని చెప్పు తీసుకుని కొట్టాలి.

హన్మయ్యను బకెట్ నీళ్ళకు పంపి చెయ్యి చాచాను.

"ఇయ్యుండ్రి పటేలా. ఆడమనిషి పానం పోతది."

ఆయన బుకాయించలేదు. గొంతు తగ్గించాడు. "రేపు మా పోరనికి పిల్లను సూడ పోవాలె. బండిల కాన్పయితె మైల గాదా? ఇయ్యనంటె ఊరంత నన్నే అంటది. నువ్వు రాకపోతె ఏ లొల్లీ లేకుండె."

"సీటు నేనే కడుగుత. మీకు దండం పెడ్త."

"తాండూరుల నీ షెడ్డు ఎవల జాగల ఉన్నది ఫరీద్?"

ఆయన జాగాలోనే ఉంది. ఆ షెడ్డు మీదే నా భార్య సైరా, ముగ్గురు పిల్లలు బతుకుతున్నారు. ఈ మాట చెప్పి చేతులు కడుక్కుందామని కాదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

హన్మయ్య వచ్చాడు. తొందరలో సగం నీళ్ళు దారిలోనే ఒలకబోసుకున్నాడు. "ఏమైంది భాయ్?"

"కాయిల్ పోయింది," అన్నాను. "కొత్తది ఏస్తెనే నడుస్తది."

ఆ నిప్పును తన కళ్ళతో చూసిన మనిషి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. పటేల్ "అయ్యో" అంటూ తన ఎడ్లబండే కట్టించాడు, మెత్తగా గడ్డి కూడా పరిపించాడు. మంచివాడనిపించుకోవడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి. బుగ్గమ్మ తాండూరు చేరలేదు. కడుపులోని పిల్ల కడుపులోనే పోయింది.

మర్నాడు ల్యాండ్‌మాస్టర్ నా షెడ్డు ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను పొద్దున్నే వచ్చి కొత్త కాయిల్ వేశానని పటేల్ ఊళ్ళో చెప్పాడట.

నెల తర్వాత హన్మయ్య షెడ్డుకు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. చంకలో మడిచిన కొత్త గొంగడి ఉంది. దాన్ని నా ముందు పెట్టాడు.

"బుగ్గమ్మ వడికిన ఉన్ని భాయ్ ఇది. ఆమె పోయినంక మా నాయన నేసిండు. ఎవలకియ్యాలె అని మస్తు సోంచాయించిన. ఆ దినం మా కోసం ఎండల నిలబడి ఎతికింది నువ్వొక్కనివే."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. రెండు చేతులా అందుకున్నాను.