మదార్‌బీ నూనె రాసిన కారు

ఇలా దగ్గరికి జరుగమ్మా, ఆ ఫ్యాను చప్పుడుకు నా మాట నీకు సగమే వినపడుతుంది. కాళ్లు చాపుకో, ఏం ఫర్వాలేదు. మన కరుణశ్రీ షాపులో కారు ఇచ్చి పంపేటప్పుడు చేతిలో ఒక చెక్క గరిటె ఎందుకు పెడతారని అడిగావు కదా. చెబుతాను. దాని వెనక ఒక పెళ్లి ఉంది, ఒక పోట్లాట ఉంది, ఒక సీసా కొబ్బరినూనె ఉంది.

కరుణశ్రీ నా కూతురి కూతురు. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు మీద షాపు తెరిచి అప్పటికి ఇంకా ఏడాది తిరగలేదు. ఊరికే నీళ్లు కొట్టి పంపే షాపు కాదమ్మా. సీట్లు, అద్దాలు, లోపలి సందులు అన్నీ చిన్న చిన్న బ్రష్షులతో శుభ్రం చేసి, పైన పాలిష్ పట్టి, పెళ్లికూతురిని చేసినట్టు చేసి పంపుతుంది. "ఆడపిల్ల కార్లు కడిగేదేంది" అన్నవాళ్లే తర్వాత తమ కార్లు తెచ్చి నిలబెట్టారు. ఇంట్లో నాకేం పని? మధ్యాహ్నం దానికి క్యారేజీ తీసుకుని వెళ్లి, సాయంత్రం దాకా అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లను ఏ ఊరు నాయనా, ఎవరి బిడ్డవు అని అడగకపోతే నాకు తోచదు.

అలా తెలిసినవాడే ముస్తాక్. ఉదయగిరి పిల్లవాడు, నల్లకారు ఒకటి బాడుగకు తిప్పుతాడు. అక్కడి కార్ల స్టాండులో వాడు చెప్పిన నాలుగు మంచి మాటల వల్లే మన షాపుకు ఉదయగిరి గిరాకీ మొదలైంది. అందుకే ఆ రోజు వాడు కారు దిగి తలుపు ధడేలున వేసేసరికి కరుణశ్రీ చేతిలో బ్రష్ అలాగే ఆగిపోయింది.

"ఏందక్కా నీ పాలిష్? జిడ్డు కక్కతా ఉండాది! నెల గూడా కాలేదు. దుమ్మంతా అంటుకోని, నా బండి బురదలో పొర్లిన బర్రె మాదిరి అయిపోయినాది."

నిజంగానే అలాగే ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే ఇంకా అన్యాయం, పిల్లి గోకినట్టు ఒళ్లంతా సన్నటి గీతలు.

"కార్ల షాంపూతో కడగమన్నాను, మెత్తటి గుడ్డ వాడమన్నాను, టూ బకెట్ మెథడ్ చెప్పినాను. అట్నే చేస్తా ఉండారా?" అంది కరుణశ్రీ.

"బండి ఎప్పుడు చూసినా కడిగే ఉంటాదక్కా. తేడా నీ పాలిష్‌లోనే ఉండాది. వచ్చే ఆదివారం మా ఆస్మా నిఖా. ఆత్మకూరులో అత్తగారింటికి నా కార్లోనే తీసకొచ్చి దించాలని ఎప్పట్నుంచో అనుకుంటా ఉండాను. చెల్లిని ఈ బర్రె మీద ఎక్కించమంటావా? అదే జరిగితే, ఉదయగిరి స్టాండు నుంచి ఇంకొక్క బండి నీ గేటు దాటదు!"

అప్పటికి కరుణశ్రీ షాపుకు వచ్చే బండ్లలో సగం ఉదయగిరివే. నేను మెల్లగా లేచి, కారు తలుపు మీద వేలు రాసి వాసన చూశాను.

"ఒరే అబ్బయా, ఈ బండికి తలంటి నూనె పెడతా ఉండేది ఎవుర్రా?"

"నూనేంది అవ్వా?"

"కొబ్బరినూనె. పుట్టినప్పట్నుంచి నెత్తికి రాసుకుంటా ఉండాను, నాకు తెలవదా?"

కరుణశ్రీ కూడా వాసన చూసింది. నవ్వు ఆపుకుంటూ అడిగింది. "ముస్తాకూ, ఇంటికాడ బండి కడిగేది ఎవురు?"

"మా అమ్మీ. నేను ట్రిప్పుల నుంచి వచ్చి పండుకుంటా గదా. లేచేసరికి కడిగేసుంటాది."

"నేను చెప్పినయ్యన్నీ అమ్మీకి చెప్పినావా?"

వాడు చెవి గోక్కున్నాడు. ఆమెకు చెప్పనేలేదన్నమాట.

"సరే, బండి మళ్లీ నేనే బాగుచేస్తా. నిఖా లోపల ఇంకోసారి నా దగ్గరికి తేవాల్సిన పన్లేదు. కానీ నన్ను మీ ఇంటికి తీసకపోవాల" అంది. నేనూ వస్తానన్నాను. ఉదయగిరి చూసి ఎన్నాళ్లయింది!

మర్నాడు సాయంత్రం, మెరిసే నల్లకారులో మహారాణుల్లాగా వెళ్లి దిగాం. ముస్తాక్ తల్లి మదార్‌బీ వసారాలో కూర్చుని గరిటెలు చెక్కుతోంది. ఉదయగిరి చెక్క గరిటెలు నీకు తెలుసుగా, మనింట్లో పప్పులో వేసేది అదే. చెక్కి, ఆకురాయితో రాసి, చివర కొబ్బరినూనె పట్టిస్తుంది. పక్కనే నూనె గిన్నె, అందులో గుడ్డ. గోడకు కొబ్బరి పీచు వేలాడుతోంది. నేనూ కరుణశ్రీ మొహాలు చూసుకున్నాం.

మదార్‌బీ మాత్రం కారును చూసి పొంగిపోయింది. "ఎంత బాగా చేసినావు బేటీ! నేనూ రోజూ కడగతా. మా బోరు నీళ్లు ఆరితే తెల్ల మచ్చలు పడతాయి, పీచుతో రుద్దినా పోవు. అందుకని నూనె పెడతా, మా గరిటెలకు పెట్టినట్టే. తళతళా మెరస్తాది!"

"పీచా! అమ్మీ, నా బండిని పీచుతో తోమినావా? అదేమన్నా బిర్యానీ డేగిసానా?" అని ముస్తాక్ వీధంతా వినపడేలా అరిచాడు.

మదార్‌బీ మొహం చిన్నబోయింది. రెండు చేతులూ కొంగులోకి దాచుకుంది. "సర్లే రా. ఇంక ముట్టను. నా బిడ్డ నా ఇల్లు దాటిపోయే బండి గదా, నా చేత్తో మెరుగు పెట్టాలనుకున్నా. అంతే."

ఆస్మా గడపలోకి వచ్చి అన్న వైపు ఒక చూపు చూసింది. "నీకు నిద్ర, ఆమెకు చాకిరీ. మళ్లీ అరుపులు గూడానా భాయ్?" వాడు తలొంచుకున్నాడు.

కరుణశ్రీ వెళ్లి మదార్‌బీ పక్కన చాప మీద కూర్చుంది. ఒక గరిటె చేతిలోకి తీసుకుంది. "అమ్మా, చెక్క నూనె తాగతాది, అందుకే మెరస్తాది. కారు మీది రంగు నూనె తాగదు. నూనె పైనే నిలబడి దుమ్మును పట్టుకుంటాది. దాన్ని పీచుతో రుద్దితే గీతలు. ఇందులో తప్పు నాది. కడిగేవాళ్లను వదిలేసి నడిపేవాడికి పాఠం చెప్పినాను. లెయ్యండమ్మా, మీరే కడగాల. ఆస్మా మీ చేతి మెరుగుతోనే పోవాల."

మదార్‌బీ కొంగులోంచి చేతులు తీసింది.

కారును గోడ నీడలోకి జరిపించారు. ఎండలో నీళ్లు చప్పున ఆరితే మచ్చలు అక్కడే మొదలట. ముందు ఉత్త నీళ్లు పోసి దుమ్ము కారిపోనిచ్చారు. తర్వాత రెండు బకెట్లు పెట్టింది కరుణశ్రీ.

"రెండెందుకు బేటీ? నీళ్లు దండగ."

"ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. తుడిచిన గుడ్డను ముందు ఉత్త నీళ్లలో జాడించి, మన్ను వదిలినాకనే షాంపూలో ముంచాల."

మదార్‌బీ ఒక్కో బకెట్‌లో వేలు ముంచి చూసింది. "ఓస్! తోటకూర కడిగినట్టు! ఇసక దిగిన నీళ్లలో కడిగిన ఆకు మళ్లీ ముంచం గదా!"

కరుణశ్రీ ఆమెను కౌగిలించుకోవడం ఒక్కటే తక్కువ. "ఇన్నాళ్లుగా ఇంగ్లీషులో చెప్తా ఉండాను, ఒక్కరికీ ఎక్కలేదు. ఇంక తోటకూరనే చెప్తా!"

షాంపూ ఎంత పోయాలో చెప్పబోతే, మదార్‌బీ తన గుంట గరిటె ఒకటి తెచ్చి కొలత పెట్టేసింది, బకెట్టుకు ఒక గరిటె. పైనుంచి కిందికి కడగడం, చక్రాలకు వేరే గుడ్డ, నీళ్లు ఆరకముందే మెత్తటి గుడ్డతో అద్దేయడం, కాకి రెట్ట పడితే గోకకుండా తడిగుడ్డ వేసి నాననివ్వడం, అన్నీ ఒక్క కారు కడిగేలోపే నేర్చుకుంది. ముస్తాక్ పైపు పట్టుకుని, తల్లి ఎటు చూపిస్తే అటు నీళ్లు కొట్టాడు.

నిఖా నాడు మేమూ వెళ్లాం. షామియానా దగ్గర వచ్చేపోయే బండ్లకు దుమ్ము లేచి, కడిగి ఉంచిన కారు మీద పల్చగా పడింది. బయల్దేరే వేళ కొత్త షేర్వాణీలో ఉన్న ముస్తాక్ జేబురుమాలు తీసి బానెట్ తుడవబోయాడు. వంటల దగ్గర్నుంచి పెద్ద గరిటెతో వస్తున్న మదార్‌బీ వాడి మణికట్టు మీద టప్పుమని ఒకటి వేసింది.

"ఎండు గుడ్డ పెడతావారా! గీతలు పడవా? ముందు నీళ్లు తే!"

స్టాండు డ్రైవర్లందరూ పడీ పడీ నవ్వారు. ఆమె వాళ్లను కూడా వదల్లేదు. పట్టుచీర కొంగు దోపుకుని నీళ్లు పోసి, అద్ది, తోటకూర సంగతి వాళ్లకు అక్కడే విడమరిచి చెప్పింది. నేను బిర్యానీ తింటూ అంతా చూశాను.

కారు తలుపులో తన మొహం చూసుకుని ఆస్మా పూలు సర్దుకుంది, అంత అద్దంలా ఉంది. కారు కదిలేముందు మదార్‌బీ ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే చెయ్యి గుర్తు పడిందని మెత్తటి గుడ్డతో అద్దేసింది. ఒకపక్క ఏడుపు, ఒకపక్క నవ్వు.

మేము ఆత్మకూరు తిరిగొచ్చేసరికి, చెల్లిని దించిన ముస్తాక్ షాపు ముందు ఆగి ఉన్నాడు. "అక్కా, మా స్టాండు బండ్లన్నీ నీ దగ్గరికే. కానీ కడిగేవాళ్లను గూడా ఎక్కించుకోని రమ్మన్నాను."

అప్పటినుంచి చూడాలి షాపును! ఒక్కో కారులోంచి ఒక తల్లో, ఒక భార్యో, ఒక తాతో దిగుతారు. ఒక్కొక్కరి చేత కరుణశ్రీ ఒక తలుపు కడిగిస్తుంది, షాంపూ కొలతకు మదార్‌బీ చెక్కిన గరిటె ఇచ్చి పంపుతుంది.

ఇదీ గరిటె సంగతి. మర్చిపోకమ్మా. కొత్తగా కారు కొన్నవాళ్లు కనిపిస్తే, ఇంట్లో కడిగేదెవరో ముందు అడుగు. ఆ మనిషిని కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పు. ఆ తోటకూర మాట నాదీ కాదు, కరుణశ్రీదీ కాదు. ఉదయగిరి మదార్‌బీ అన్నదని పేరు పెట్టి మరీ చెప్పు.