రింగు మీది బంతి

ఈల ఊదిన మరుక్షణమే తప్పు నాదని తెలిసిపోయింది.

ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు నేను రిఫరీని. అవతలి జట్టు వేసిన బంతి రింగుకు తగిలి దానిమీదే తిరుగుతోంది. మిల్లు జట్టు కెప్టెన్ ఎగిరి దాన్ని పక్కకు తోసేసింది. మనిషి పొడుగు, అందరూ నిచ్చెన అంటారు. మేం ఆడించే అంతర్జాతీయ నియమాల్లో రింగుకు తగిలిన బంతిని ఎవరైనా కొట్టొచ్చు. అమెరికా ఆటలో అది రింగు మీద ఉన్నంతసేపూ ముట్టుకోకూడదు. పదేళ్లుగా టీవీలో ఆ ఆటలే చూసి బుర్ర నింపుకున్నవాణ్ణి, అవతలివాళ్లకు రెండు పాయింట్లు ఇచ్చేశాను. చేసిన సైగ కూడా అక్కడిదే. స్కోరు రాసే మా బావమరిది అర్థంకాక నోరు తెరిచాడు.

మిల్లు జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. ఇక మిగిలింది ఒక్క మ్యాచే. అదీ పోతే పెద్ద పోటీలు లేవు, మిల్లు మేనేజరు మాటిచ్చిన పర్మనెంటు ఉద్యోగం నిచ్చెనకు లేదు.

స్కోరు కాగితం మీద కెప్టెన్ అభ్యంతరానికి ఒక గడి ఉంటుంది. ఆట ముగిసిన పావుగంటలోపు సంతకం పెడితే విచారణ జరుగుతుంది. ఆమెకు ఆ సంగతి తెలియదు.

"చెప్పేద్దాం బావా," అన్నాడు బావమరిది.

"నా లైసెన్సు పోతుంది. ఊరుకో."

గోడ గడియారం చూస్తూ దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. గడువుకు ఇంకా రెండు నిమిషాలున్నాయనగా నిచ్చెనే వచ్చింది.

"సార్, నేను చేసింది తప్పా?"

"తప్పేనమ్మా. రింగు మీదున్న బంతిని ముట్టుకోకూడదు."

"తెలీదు సార్. ఇకమీదట ముట్టుకోను," అని క్షమాపణ కూడా చెప్పి వెళ్లింది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా గడువు దాటేదాకా గడియారమే చూశాను.

ఆదివారం చివరి మ్యాచ్‌కు ప్రేక్షకుల్లో కూర్చున్నాను. ఆఖరి క్షణాల్లో అవతలివాళ్లు వేసిన బంతి మళ్లీ రింగు మీద తిరిగింది. నిచ్చెన దానికిందే ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. బంతి లోపల పడింది, మిల్లు జట్టు ఓడిపోయింది.

"చెయ్యెత్తితే పోయేదానికి నిలబడి చూశావేంటే?" అని జట్టంతా మీద పడింది.

"ముట్టుకోకూడదంట. అదిగో, ఆ సారే చెప్పారు."

అందరూ నావైపు తిరిగారు. లేచాను.

"ముట్టుకోవచ్చు. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

ఆమె అరవలేదు. నెమ్మదిగా అడిగింది.

"అయితే ఆ మ్యాచ్ కూడా మేమే గెలవాల్సిందా సార్?"