సగం మాత్ర

మా ఆయన గుండెకు కొత్త వాల్వు వేశాక, రక్తం పలచబడే మాత్ర రోజూ ఇవ్వడం నా వంతయింది. మందుల పెట్టెలోని కాగితాన్ని కూడబలుక్కుని చదివాను. రక్తస్రావం అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ మళ్లీ చదివాను. అప్పటికే అక్కనూ తమ్ముణ్ణీ కాటికి సాగనంపినదాన్ని. ఆయనకు చెప్పకుండా మాత్రను సగానికి విరిచి ఇస్తూ వచ్చాను.

పదో రోజున ఇంటికొచ్చిన నర్సమ్మ రక్తపరీక్ష కాగితం చూసింది.

"మందు సరిపోవట్లేదు పెద్దమ్మా. మాత్ర ఎలా ఇస్తున్నారు?"

దాచిన సగాలు తెచ్చి ఆమె చేతిలో పోశాను.

"సొంతంగా చదువు నేర్చుకుంది, పరీక్షలు మాత్రం నాకు పెడుతోంది," అన్నారాయన.

నర్సమ్మ కోప్పడలేదు. నా పక్కన కూర్చుంది.

"సగంతో వాల్వు దగ్గర రక్తం గడ్డకట్టొచ్చు. మొత్తం మాత్ర ఇచ్చి, రోజూ చిగుళ్లు, ఒంటి మీద కమిలిన మచ్చలు చూడండి. రక్తం కనిపించినా, విరేచనం నల్లగా అయినా వెంటనే ఫోన్ చేయండి. మీ భయాన్ని కాపలా పెట్టండి, పెత్తనం మాత్రం ఇవ్వకండి."

మర్నాడు మాత్ర మొత్తం ఇచ్చి, ఆయన్ని కిటికీ దగ్గర నోరు తెరవమన్నాను.

"పెళ్లయిన కొత్తలో కూడా నన్నింత తేరిపార చూడలేదు నువ్వు."

"మాట్లాడకండి, పై చిగుళ్లు కనబడట్లేదు," అన్నాను.